కానుగ గింజను కొనేదెవరు?

కానుగ గింజ బరువులో మూడో వంతు దాకా నూనె ఉంటుంది. అందులో ఎక్కువ పాలు ఓలిక్ ఆమ్లం. ఆ తర్వాత లినోలిక్, పామిటిక్ ఆమ్లాలు. ఆ లెక్కన వంటనూనెలకు తీసిపోదు గానీ, కరంజిన్, పొంగమాల్ అనే పదార్థాల వల్ల చేదెక్కి వంటింటికి దూరమైంది. సబ్బులకు, తోళ్ల పదునుకు, దీపానికి పనికొస్తుంది. అసలు విలువ ఆ చేదులోనే ఉంది. కరంజిన్ పురుగును ఆకు ముట్టనివ్వదు. నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గించి నత్రజని వృథాను అరికడుతుంది. ఇలాంటి గుణమే ఉన్న వేపనూనె పూతను కేంద్రం 2015లో యూరియాకు తప్పనిసరి చేసింది. కానుగకు ఆ గౌరవం దక్కలేదు.

ఉప్పుగాలి, చవుడు నేల, కొన్నాళ్ల నీటి ముంపు, అన్నింటినీ ఓర్చుకునే చెట్టు ఇది. నెల్లూరు తీరంలో మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా ఇసుక నేలల్లో సరుగుడు పెంచుతున్నారంటే కర్రను కొనేవాళ్లున్నారు గనుకే. కానుగ గింజకు నిలకడైన బేరం లేదు.

అలాగని ఈ నూనెతో డీజిల్ తీద్దామన్న మోజుతో మళ్లీ మొదలుపెట్టడం మాత్రం తప్పు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలని కేంద్రం 2009 విధానంలో లక్ష్యం పెట్టుకుంది. అడవి ఆముదాన్ని నమ్ముకున్న ఆ కల ఫలించలేదు. నీరు పెట్టని బీడులో ఏ మొక్కా కాగితం మీది దిగుబడి ఇవ్వదు. పైగా తడి గింజ నిల్వ ఉంటే నూనెలో స్వేచ్ఛా ఆమ్లాలు పెరుగుతాయి. అప్పుడు క్షారం కలిపితే డీజిల్ బదులు సబ్బు కడుతుంది; ముందుగా ఆమ్లంతో శుద్ధి చేయక తప్పదు, ఖర్చూ తప్పదు.

చిన్న గానుగ దారి వేరు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీసి, 147 టన్నుల కర్బన ఉద్గారాల తగ్గింపును 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. సొమ్ము చిన్నదే గానీ, గింజ, గానుగ, నూనె తీశాక మిగిలే పిండి మూడూ ఊళ్లోనే ఉండటం అసలు సంగతి.

గిరిజనులు సేకరించే అటవీ ఉత్పత్తుల మద్దతు ధర జాబితాలో కానుగ గింజ ఉంది. నెల్లూరు తీరపు యానాదులూ గిరిజనులే. కోట, వాకాడు, ముత్తుకూరు మండలాల్లో ప్రభుత్వం కొనుగోలు కేంద్రాలు తెరవాలి. ఆరిన గింజకే పూర్తి ధర ఇవ్వాలి. ఆరబెట్టే కళ్లాలు, గానుగలు మహిళా సంఘాలకు అప్పగించాలి. పిండిని పశువులకు పెట్టకుండా పెన్నా డెల్టా వరి మళ్లకు ఎరువుగా చేర్చాలి. ఇవన్నీ నడిచాకే డీజిల్ మాట ఎత్తాలి.