నూరు మైళ్ళ గుర్రం



గుర్రం అనగానే మీకు రాజకుమారుల కథలు జ్ఞాపకం వస్తాయి. రాజకుమారుడు గుర్రమెక్కి, ఏడు అడవులు దాటి, పొద్దుగూకేసరికి మరో రాజ్యం చేరుకుంటాడు. కథలో గుర్రానికి చెమట పట్టదు, దాహం వేయదు, కాలు బెణకదు. మరి నిజమైన గుర్రం ఒక పగలూ ఒక రాత్రిలో నూరు మైళ్ళు, అంటే సుమారు 160 కిలోమీటర్లు, కొండదారిన పోగలదా? పోవాలంటే దానిని ఎలా తయారుచెయ్యాలి? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆబర్న్ అనే పట్టణం ఉంది. అక్కడ వెండెల్ రోబీ అనే ఆయన ఉండేవాడు. మోటారు బళ్ళు వచ్చాక గుర్రాల సత్తువ తగ్గిందనీ, ఒక్కరోజులో నూరు మైళ్ళు పోగల గుర్రాలు ఇక లేవనీ కొందరు అనేవారు. రోబీ ఆ మాట ఒప్పుకోలేదు. 1955లో ఆయన బాండోస్ అనే అరబ్బు గుర్రం ఎక్కి, మరికొందరు రౌతులతో కలిసి, తాహో సరస్సు దగ్గర బయలుదేరి, సియెరా నెవాడా కొండలు దాటి, 24 గంటల లోపలే ఆబర్న్ చేరాడు. ఆ స్వారీయే తరువాత టెవిస్ కప్పు అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఇప్పటికీ జరుగుతున్నది. ఆ దారిలో మొత్తంమీద ఎక్కేది 17 వేల అడుగులకు పైమాటే. దిగేది సుమారు 22 వేల అడుగులు. లోయలలో ఎండ మన మే నెల ఎండను తలపిస్తుంది. బయలుదేరిన గుర్రాలలో దాదాపు సగం మాత్రమే చివరిదాకా వస్తాయి.

ఇటువంటి దారికి గుర్రాన్ని తయారుచేసేటప్పుడు ముందు దాని భయం పోగొట్టాలి. గుర్రం గడ్డి తినే జంతువు. వేలాది తరాలుగా క్రూరమృగాల వాత పడకుండా పారిపోయి బతికిన జాతి అది. అందుకే దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముందూ వెనకా కూడా చాలామేరకు చూడగలదు. కాని సరిగ్గా ముక్కుకు ఎదురుగానూ, తోకకు వెనకగానూ ఉన్నది దానికి కనిపించదు. కాబట్టి గాలికి ఎగిరే కాగితమైనా, చెక్క వంతెన చప్పుడైనా ఉలిక్కిపడుతుంది.

అప్పుడు కొరడా తీస్తే ఏమవుతుంది? కాగితం దగ్గరకు వెళితే దెబ్బ తగిలింది గనుక, కాగితం నిజంగానే ప్రమాదమని గుర్రం నేర్చుకుంటుంది! తెలిసినవాడు అలా చెయ్యడు. పగ్గం పట్టుకుని పక్కన నిలబడతాడు. గుర్రాన్ని చూడనిస్తాడు, వాసన చూడనిస్తాడు. ఒక్క అడుగు ముందుకు వేస్తే మెడ నిమిరి, కాసేపు ఊరుకుంటాడు. కుడి పక్కనుంచి చూపించినదాన్ని ఎడమ పక్కనుంచి మళ్ళీ చూపిస్తాడు.

భయం తీరాక శరీరం సంగతి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. జాగ్రత్తగా చదవండి.

విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. దౌడు తీస్తే 200 దాటుతుంది. రోజూ సాధన చేయిస్తే గుండే ఊపిరితిత్తులూ కొన్ని వారాలలోనే బలపడతాయి. కండరాలకు కొన్ని నెలలు పడుతుంది. కాని ఎముకలూ, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులూ గట్టిపడడానికి ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా పడుతుంది. స్నాయువులకు రక్తం తక్కువగా అందడం ఇందుకు ఒక కారణం.

అంటే రెండు మూడు నెలలు గడిచేసరికి గుర్రం హుషారుగా ఉంటుంది. చెవులు నిక్కబొడుచుకుని, పరుగుకు తొందరపడుతుంది. “నా గుర్రం సిద్ధమైంది” అని రౌతు మురిసిపోతాడు. ఊపిరి సిద్ధమే, కాళ్ళు మాత్రం ఇంకా కాలేదు! ఆ సంగతి పైకి కనిపించదు. అప్పుడు దౌడు తీయిస్తే స్నాయువు చిట్లుతుంది. చిట్లినది మానడానికి నెలలు పడుతుంది. మానినా చాలాసార్లు మునుపటి బలం రాదు.

అందుచేత మొదటి వారాలన్నీ నడకే. తరువాత కొద్దికొద్దిగా చిన్నపరుగు. దూరం పెంచిన వారం వేగం పెంచరు. వేగం పెంచిన వారం దూరం పెంచరు. మధ్యమధ్య పూర్తి విశ్రాంతి ఇస్తారు. శరీరం తనను తాను బాగుచేసుకునేది ఆ విశ్రాంతి వేళలోనే. వయసు రావడమూ ముఖ్యమే. ఆరేళ్ళు నిండని గుర్రాన్ని టెవిస్ కప్పులో చేర్చుకోరు.

గుర్రానికి మనలాగే ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమటలో మన చెమటలో కంటే ఉప్పు ఎక్కువ. ఉప్పు బాగా పోయిన గుర్రానికి, ఒంట్లో నీరు తగ్గినా దాహం తెలియకపోవచ్చు. అందుకే దారిలో కనిపించిన వాగునల్లా నీళ్ళు తాగడం ముందే అలవాటు చేస్తారు.

ఆ స్వారీలో నాకు అన్నిటికంటె నచ్చినది మరొకటి. దారిలో పలుచోట్ల పశువైద్యులు ఉంటారు. గుర్రం గుండె వేగం నిమిషానికి 60, 64 అలా నిర్ణయించిన అంకెకు దిగాలి. కుంటు ఉండకూడదు. లేకపోతే రౌతు ఎంత బతిమాలినా, గమ్యం ఎంత దగ్గరలో ఉన్నా, పంపరు. గుర్రం నోరులేని జీవం. “నావల్ల కాదు” అని అది చెప్పలేదు గనుక, దాని తరఫున వైద్యుడు చెబుతాడు. 1964 నుంచి మరో బహుమతి కూడా ఇస్తున్నారు. ముందుగా చేరిన పది గుర్రాలలో అన్నిటికంటె ఆరోగ్యంగా ఉన్నదానికి హాగిన్ కప్పు. అది మొదట వచ్చిన గుర్రమే కానక్కరలేదు.

1973లో గార్డీ ఎయిన్‌స్లీ అనే యువకుడి గుర్రం కుంటింది. ఆయన మధ్యలోనే ఆగిపోయాడు. మరుసటి ఏడు గుర్రం లేకుండానే వచ్చి, ఆ నూరు మైళ్ళూ తన కాళ్ళమీదనే పరుగెత్తి, 23 గంటల 42 నిమిషాలలో ముగించాడు!

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు చురుకుగా ఉన్నాడని రెండేళ్ళ చదువు ఒక ఏట చెప్పించాలని మనకు తొందర పుడుతుంది. హుషారు వేరు, లోపలి బలం వేరు. పిల్లలకు నోరు ఉన్నా, అలసట చెప్పుకునే ధైర్యం అందరికీ ఉండదు. అది కనిపెట్టవలసినది పెద్దలే.

బాలలూ, మీకు ఈ నెల పని ఇది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. తరువాత ఆటస్థలం చుట్టూ ఒకసారి పరుగెత్తి మళ్ళీ లెక్కపెట్టండి. ఐదు నిమిషాలు కూర్చుని మూడోసారి లెక్కపెట్టండి. మూడు అంకెలూ పుస్తకంలో రాసుకోండి. నెల్లాళ్ళు రోజూ ఇలా చేస్తే మూడో అంకె ఏమవుతుందో మీరే కనిపెట్టండి.