ఏటన్నావు? అని ఒక్కసారి అడుగుదాం



ఈసారి గోడ పత్రికలో నాకొక పేజీ ఇచ్చారు. పరిశుభ్రత మీద, చెట్ల పెంపకం మీద ఇదివరకే చాలామంది బాగా రాశారు. నేను మన నోటి గురించి, మన చెవి గురించి రాద్దామనుకున్నాను. మన హాస్టల్లో జ్వరం వచ్చి ఇంటికెళ్ళినవాళ్ళు తిరిగి వస్తున్నారు. మాట పడి వెళ్ళినవాళ్ళే తిరిగి రావడం లేదు. అందుకని ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను.

కిందటి వర్షాకాలంలో నేను నా పక్క మంచం స్నేహితుణ్ణి కొట్టాను. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. ఎందుకు కొట్టానో ఎవరికీ తెలియదు. ఆ ఆదివారం ఇంటికెళ్ళి సాయంత్రం తడిసి ముద్దయి వచ్చాను. కాళ్ళనిండా బురద. వాడు నవ్వుతూ "ఏరా కొండోడా, కొండ దిగేవా?" అన్నాడు. అంతే, నా చెయ్యి లేచిపోయింది. వాడి పెదవి చిట్లింది. వార్డెన్ సారు వచ్చి అడిగితే నేను "నన్ను తిట్టాడు సార్" అన్నాను. వాడు "తిట్టలేదు సార్, పలకరించాను" అన్నాడు. ఇద్దరమూ నిజమే చెప్పాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచిస్తే ఒక సంగతి గుర్తొచ్చింది. నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్నతో వారపు సంతకి వెళ్ళాను. కావిడిలో చింతపండు మోసుకెళ్ళాం. కొనే మనిషి తూకం వేసి ఒక లెక్క చెప్పాడు. నాన్న "ఇంకోసారి తూచు బాబూ" అన్నాడు. ఆ మనిషి "కొండోడివి, నీకు తూకమేటి తెల్సు?" అని నలుగురిలో పకపకా నవ్వాడు. నాన్న ఏమీ అనలేదు. ఇచ్చిన డబ్బులు మొలలో దోపుకుని నా చెయ్యి పట్టుకుని వచ్చేశాడు. దారంతా నాతో మాట్లాడలేదు.

నేను కొడదామనుకున్నది ఆ సంత మనిషిని. దెబ్బ తగిలింది మాత్రం నా స్నేహితుడికి. ఎప్పటిదో ఆ కోపానికి వీడేం చేశాడు? పైగా వీడిదీ కొండ మీద ఊరే. వాళ్ళ ఇంట్లో "మనం కొండోళ్ళం, మనకి భయమేటి" అని గొప్పగా చెప్పుకుంటారట. వాడికి అది గొప్ప మాట. నాకు అది పుండు మీద వేలు.

మిత్రులారా, ఇలాంటి పుండు మనలో ప్రతివాడికీ ఒకటుంది. ఒకడికి ఒంటి రంగు గురించి అంటే మంట. ఇంకొకడికి వాళ్ళ అయ్య తాగుతాడని అంటే మంట. మరొకడికి తెలుగు రాదని నవ్వితే మంట. వేలు పెట్టినవాడికి అక్కడ పుండుందని తెలియదు. తెలియాలంటే మనమెప్పుడూ చెప్పలేదు కదా!

ఇక రెండో సంగతి. ఇది రాయడానికి వార్డెన్ గారే ఒప్పుకున్నారు.

మన దగ్గర సవర పిల్లలున్నారు, జాతాపు పిల్లలున్నారు, గదబ పిల్లలున్నారు. కొందరింట్లో సవర మాట్లాడతారు, కొందరింట్లో కువి, మిగతావాళ్ళింట్లో మన కొండవార తెలుగు. మేష్టార్లలో కొందరు దూర జిల్లాల నుంచి వచ్చారు. మనం "గుంటడు" అంటే కుర్రాడని అర్థం. ఒక కొత్త మేష్టారు అది తిట్టనుకుని ఆ మాటన్నవాణ్ణి పీరియడంతా నిలబెట్టేశారు. అర్థం తెలిశాక ఆయనే నవ్వేశారు. అది నవ్వుతో పోయింది. అన్నీ అలా పోవు.

జూన్లో ఆరో తరగతిలో చేరిన తమ్ముడొకడు మెస్సులో క్యూలో నిలబడి వార్డెన్ గారితో "నువ్వు నాకు కూర ఎయ్యమనలేదు" అన్నాడు. సారుకి కోపం వచ్చింది. "నన్ను నువ్వంటావా? ఎవరు నేర్పారు?" అని గట్టిగా అడిగారు. వాడు తలొంచుకున్నాడు. "సమాధానం చెప్పవేం? అంత పొగరా?" అన్నారు. వాడు ఇంకా తలొంచుకున్నాడు. లైన్లో ఉన్నవాళ్ళం మేమంతా నవ్వాం. తెల్లారి చూస్తే వాడి ట్రంకు పెట్టె ఉంది, వాడు లేడు. రాత్రికి రాత్రి వానలో కొండదారిన ఇంటికి పోయాడు. వాచ్‌మన్, మేం ముగ్గురం టార్చిలైటు పట్టుకుని సగం దారి వెళ్ళాం. అదృష్టం కొద్దీ క్షేమంగా చేరాడు. గెడ్డ పొంగి ఉంటే? చీకట్లో పాము మీద కాలేసుంటే?

ఆ తమ్ముడి ఊళ్ళో సర్పంచినైనా ఆఫీసరునైనా "నువ్వు" అనే పిలుస్తారు. అందులో అమర్యాద లేదు. పెద్దవాళ్ళు కోప్పడుతుంటే తలొంచుకుని ఊరుకోవడం అక్కడ మర్యాద. సారు పెరిగిన చోట పెద్దల్ని "మీరు" అనాలి, అడిగితే బదులు చెప్పాలి. వాడు తన ఇంటి మర్యాద చూపించాడు. సారు తన ఇంటి లెక్కలో అవమానం విన్నారు. తప్పు ఎవరిదని తేల్చడం కష్టం. నవ్విన మాదే పెద్ద తప్పని నేనంటాను. తర్వాత వార్డెన్ గారే కాలినడకన ఆ ఊరెళ్ళి, వాళ్ళ నాన్నతో మాట్లాడి, వాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ఆ పని అందరూ చెయ్యరు.

ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన (1863–1940) మన శ్రీముఖలింగం దగ్గర పుట్టి, పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేశారు. సవరవాళ్ళ మాట అర్థం కాకపోతే "వీళ్ళకి మాట రాదు" అని ఆయన అనలేదు. తనే ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకుని, క్వినైన్ మందు వల్ల చెవుడు తెచ్చుకున్నారు. చెవులు పోగొట్టుకునైనా ఎదుటివాడి మాట విన్న మనిషి ఆయన. చెవులు బాగున్న మనం పక్క మంచం వాడి మాట వినలేమా? 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, గోండి మొదలైన 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకి చదువు మొదలుపెట్టారు. అంటే ఇంటి మాటకీ బడి మాటకీ మధ్య ఒక గెడ్డ ఉందని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే కదా.

కొందరు మిత్రులు నన్నడిగారు: "అయితే ఎవడేమన్నా పడుండమంటావా?" అని. కాదు. సంతలో ఆ మనిషి తెలిసే అన్నాడు, మా నాన్నని తక్కువ చెయ్యడానికే అన్నాడు. అది అపార్థం కాదు, అవమానం. మనవాళ్ళని నలుగురిలో కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళు దూషిస్తే 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అలాంటివి ఊరుకోకూడదు. పెద్దలకి చెప్పాలి. కాని అపార్థం ఏదో, అవమానం ఏదో తెలియాలంటే ముందు అడగాలి. అడక్కుండా కొట్టినవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. నాకు అలాగే కనిపించాయి.

జీవశాస్త్రంలో చదువుకున్నాం. కోపం వస్తే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. ఆ దడలో ఏ మాటైనా తిట్టులాగే వినబడుతుంది. కాసేపుంటే అదే తగ్గుతుంది. కాబట్టి నాకు తోచిన నాలుగు సంగతులు రాస్తున్నాను.

ఒకటి. మాట గుచ్చుకోగానే చెయ్యెత్తకుండా "ఏటన్నావు? ఎందుకన్నావు?" అని ఒక్కసారి అడుగుదాం.

రెండు. అడిగే ఓపిక కూడా లేకపోతే కుళాయి దాకా నడిచి మొహం కడుక్కుని వద్దాం. అది పారిపోవడం కాదు.

మూడు. ఏ మాటంటే మనకి మంటో ఒక్క స్నేహితుడికైనా చెబుదాం. చెప్పాక కూడా అన్నాడంటే అప్పుడది వాడి తప్పు.

నాలుగు. ఇది వార్డెన్ గారికి, మేష్టార్లకు మనవి. కొత్తగా చేరిన ప్రతి తమ్ముడికీ వాడి భాష తెలిసిన పెద్ద తరగతి అన్నయ్యనొకణ్ణి దసరా సెలవుల దాకా తోడివ్వండి. తప్పు చేస్తే క్యూలో అందరి ముందూ అడక్కుండా పక్కకి పిలిచి అడగండి. తలొంచుకుంటే పొగరనుకోకండి సార్.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. చెవి జారినా అంతే.

చివరికి నేను నా స్నేహితుడి దగ్గరికెళ్ళి సంతలో జరిగిందంతా చెప్పాను. వాడు చాలాసేపు ఊరుకుని "ముందే సెప్తే అననుగదరా" అన్నాడు. ఇప్పుడు నన్ను పేరు పెట్టే పిలుస్తున్నాడు. వాడి పెదవి మీద చిన్న మచ్చ ఉండిపోయింది. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటూ ఆ మచ్చ చూస్తుంటాను. ఆ మచ్చ ఇంకెవరి చేత్తోనూ ఇంకెవరికీ పడకూడదని ఈ పేజీ రాశాను.

రాతలో తప్పులుంటే మన్నించండి. నాది తప్పనిపిస్తే వచ్చే నెల పత్రికలో రాయండి. నేను కోప్పడను, ఏటన్నారో అడుగుతాను.

ఇట్లు,
మీ పదో తరగతి విద్యార్థి