కెర్మిట్‌ని ఇక ఓదార్చకండి

మపెట్స్ తర్వాతి సినిమా ఎలా ఉండాలన్న దాని మీద అభిమానులు మూడు జట్లుగా విడిపోయి కొట్టుకుంటూ చాలా ఏళ్ళయింది. పాత నాటకశాల, పాత తెర, పాత పాటలు తిరిగి తీసుకురమ్మంటుంది ఒక జట్టు. పేరున్న నవల ఏదో ఒకటి తీసుకుని కెర్మిట్‌కీ మిస్ పిగ్గీకీ వేషాలు వేయించమంటుంది రెండోది. అమెరికాలో ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ కాపీరైటు 2021లో తీరిపోగానే వీళ్ళు చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. మూడో జట్టుకి కథతో పనే లేదు, కెర్మిట్ గొంతు మారిందన్న దుఃఖం ఒక్కటే. మూడు జట్ల ప్రేమా నిజమే. కానీ మూడూ అడుగుతున్నది తప్పు ప్రశ్న. ఇంకాస్త గట్టిగా చెప్పాలంటే, ఆ బొమ్మలు ఈ స్థితికి రావడంలో కంపెనీ పాపం ఎంతుందో అభిమానుల ముద్దూ అంత ఉంది.

2011లో వచ్చిన ‘ది మపెట్స్’ సినిమా తీసుకోండి. అందరూ మెచ్చుకున్న సినిమా, పాటకి ఆస్కార్ కూడా వచ్చింది. దాంట్లో కథేంటి? మపెట్స్‌ని జనం మర్చిపోయారు. వాళ్ళ స్టూడియో బూజు పట్టింది, దాన్ని పడగొట్టి నూనె తవ్వుకుందామని ఒక ధనవంతుడు కాచుకున్నాడు. వాల్టర్ అనే వీరాభిమాని వచ్చి, చెల్లాచెదురైన ట్రూప్‌ని పోగుచేసి, కోటి డాలర్ల కోసం టీవీలో విరాళాల కార్యక్రమం పెట్టిస్తాడు. చివర్లో డబ్బు కథ ఎటు పోయినా, బయటికొచ్చి చూస్తే వీధి నిండా జనం, చప్పట్లు. అంటే సినిమాలో హీరో ఎవరు? కెర్మిట్ కాదు. అభిమాని. మపెట్స్ అందులో రోగులు, మనం పరామర్శకి వెళ్ళినవాళ్ళం. తెలివైన ముఖస్తుతి అది. సుమారు 16 కోట్ల డాలర్లు వసూలైంది.

అప్పటినుంచీ ఆ బొమ్మలు మంచం దిగలేదు. 2014లో ‘మపెట్స్ మోస్ట్ వాంటెడ్’ సీక్వెల్ అనే మాట మీదే జోకులు వేసుకుంటూ మొదలైంది. నాకైతే 2011 దానికంటే ఇదే ఎక్కువ నవ్వించింది, కాకపోతే వసూళ్ళు దాంట్లో సగమే. 2015లో టీవీ సీరియల్ వచ్చింది. ఆఫీసు డాక్యుమెంటరీ తరహాలో తీశారు. కెర్మిట్, పిగ్గీ విడిపోయారు, కెర్మిట్‌కి కొత్త గర్ల్‌ఫ్రెండ్. పెద్దవాళ్ళ కోసం తీయడమంటే పెద్దవాళ్ళ చిరాకులు బొమ్మలకి అంటించడమే అనుకున్నారు. సీజన్ మధ్యలో నిర్వాహకుణ్ణి మార్చారు, 16 ఎపిసోడ్లకి ఆపేశారు. ప్రతిసారీ ఇదే వరస: బయటినుంచి ఒక కొత్త మనిషి వస్తాడు, చిన్నప్పటినుంచీ వీళ్ళంటే ప్రాణం అంటాడు, ఒక కొత్త ‘ఐడియా’ తెస్తాడు, అది ఆడితే ఇంకోటి, ఆడకపోతే అయిదేళ్ళు అటక మీదికి.

అసలు ఈ బొమ్మలు ఎలా ఆడతాయో ఒకసారి గుర్తుచేసుకుంటే విషయం తేలుతుంది. జిమ్ హెన్సన్ 1955లో మొదటి కెర్మిట్‌ని వాళ్ళమ్మ పాత కోటు గుడ్డతో కుట్టాడు. కళ్ళకి పింగ్‌పాంగ్ బంతి రెండు చెక్కలు. అప్పటికది కప్ప కూడా కాదు. వాషింగ్టన్‌లో ఒక లోకల్ టీవీ స్టేషన్‌లో అయిదేసి నిమిషాల కార్యక్రమం, 1961 దాకా నడిచింది. ఆడించేవాడు చెయ్యి తలకంటే పైకెత్తి పట్టుకుని, కింద పెట్టుకున్న టీవీ తెరలో ప్రేక్షకుడికి కనబడేదే తనూ చూసుకుంటూ ఆడిస్తాడు. రౌల్ఫ్ కుక్క పియానో వాయిస్తున్నప్పుడు ఆ రెండు చేతులూ ఇద్దరు మనుషులవి. 1979 సినిమా మొదట్లో చిత్తడి నేలలో దుంగ మీద కూర్చుని కెర్మిట్ పాట పాడతాడే, ఆ దుంగ కింద, నీళ్ళలో ముంచిన ఇనప తొట్టెలో ముడుచుకుని హెన్సన్ కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు ఒకే కుక్కగా ఊపిరి తియ్యాలంటే స్క్రిప్టు చదివితే రాదు. పక్కపక్కన నిలబడి ఏళ్ళు గడవాలి.

‘మపెట్ షో’ 1976 నుంచి 1981 వరకు 120 ఎపిసోడ్లు. అమెరికా నెట్‌వర్కులు కాదన్నాక లండన్ పక్కన ఎల్‌స్ట్రీలో, లూ గ్రేడ్ డబ్బుతో తీశారు. వారం వారం ఆడడంలో ఒక సుఖం ఉంది: ఒక వారం నవ్వు పండకపోతే ఎవరూ చావరు. పోయిన వారం ఎలుగుబంటి ఫాజీ జోకు ఎక్కడ చచ్చిందో ఈ వారం తెలుస్తుంది. ఆ చచ్చిన జోకే ఫాజీ స్వభావం అవుతుంది. రాసిన జెర్రీ జూల్ సంగతి చూడండి. 1961లో బొమ్మలాడించడానికి చేరి, తర్వాత రాతకి మళ్ళి, షోకి ప్రధాన రచయితై, 1999లో వచ్చిన ‘మపెట్స్ ఫ్రమ్ స్పేస్’ దాకా చెయ్యి పెట్టాడు. దాదాపు నలభై ఏళ్ళు ఒకే కుటుంబం గురించి రాసిన మనిషి. అలాంటి మనిషి మళ్ళీ తయారు కాలేదు. కాదు, తయారు కావడానికి చోటు పెట్టలేదు. 1979 నుంచి 1999 మధ్య ఆరు సినిమాలు వచ్చాయి. 2004లో డిస్నీ కొన్నాక థియేటర్లకి వచ్చినవి రెండు.

ఇక నవలల జట్టు. వీళ్ళ తురుపుముక్క 1992 నాటి ‘మపెట్ క్రిస్మస్ కేరల్’. ఒప్పుకుంటాను, నాకూ అన్నిట్లోకీ అదే ఇష్టం. కానీ అది డికెన్స్ వల్ల నిలబడలేదు. 1990 మేలో హెన్సన్ 53 ఏళ్ళకే పోయాడు. 1992 జనవరిలో రిచర్డ్ హంట్ పోయాడు. సినిమా ఆ ఇద్దరికీ అంకితం. కొడుకు బ్రయన్ దర్శకుడు, రాసింది జూల్, ఆడించింది పాత చేతులు. కుటుంబంలో ఖాళీ అయిన కుర్చీ చుట్టూ తిరిగే కథని, నిజంగానే కుర్చీలు ఖాళీ అయిన ట్రూప్ ఆడింది. మైకేల్ కెయిన్ ఒక్కసారి కూడా ప్రేక్షకుడి వంక కన్ను గీటకుండా, ఎదుట ఉన్నవి బొమ్మలన్న సంగతే తెలియనట్టు నటించాడు. ఇందులో ఏది గాట్స్‌బీకి తగిలించగలరు? టోపీలు, సూట్లు కుట్టించగలరు, అంతే.

ఇంకో మాట కూడా ఉంది. గాంజో డికెన్స్‌నని చెప్పుకుని గంభీరంగా కథ చెప్తుంటే, పక్కన రిజ్జో ఎలక ఆకలేస్తోందని గోల పెడుతుంటుంది. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి చేసే పని ఇదే. అక్కడా బొమ్మ తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి, పాటతో సహా వస్తుంది. నిమ్మలకుంటలో ఆ చేతుల్లో చాలామటుకు ఇప్పుడు తోలుతో దీపాల గొడుగులు చేస్తున్నాయి. గొడుగులు అందంగా ఉంటాయి, అమ్ముడుపోతాయి, వాళ్ళ బతుకుతెరువు అది, తప్పుపట్టడానికి నేనెవర్ని? కానీ గొడుగు మీద బొమ్మ ఎంత బాగున్నా దానికి ఆట రాదు. కెర్మిట్ టీషర్టూ అంతే.

గొంతు జట్టుతో నాకు సానుభూతి ఉంది గానీ ఓపిక లేదు. స్టీవ్ విట్‌మైర్ 1978లో ట్రూప్‌లో చేరి, 1990 నుంచి కెర్మిట్‌ని మోశాడు. 2016లో తీసేశారు. ఎందుకన్న దాని మీద ఎవరి మాట వాళ్ళది. కొత్తగా వచ్చిన మ్యాట్ వోగెల్ మీద ‘వీడు నా కెర్మిట్ కాదు’ అని విరుచుకుపడ్డారు. ఆ మాటకొస్తే విట్‌మైర్ కెర్మిట్ హెన్సన్ కెర్మిట్టా? వోగెల్ దారిన పోయే దానయ్య కాదు. బిగ్ బర్డ్‌ని ఆడించిన క్యారల్ స్పిన్నీ పక్కన ఏళ్ళ తరబడి నిలబడి నేర్చుకున్నవాడు. చెయ్యి మారడం బొమ్మలాటలో సహజం. అడగాల్సింది వేరే: ఆ చెయ్యికి ఏడాదికి ఎన్ని రోజులు పని ఇస్తున్నారు? రికార్డింగుల్లోంచి హెన్సన్ గొంతుని యంత్రంతో పుట్టించి తగిలిస్తే చాలనుకునేవాళ్ళకి ఈ ప్రశ్న అర్థం కూడా కాదు.

‘జనం చూడట్లేదండీ, కంపెనీ మాత్రం ఎంతకని డబ్బు పెడుతుంది?’ అనేవాళ్ళకి 2023 నాటి ‘మపెట్స్ మేహెమ్’ చూపిస్తాను. డాక్టర్ టీత్‌ని ఆడించే బిల్ బరెట్టా దాని సృష్టికర్తల్లో ఒకడు. డిస్నీ చేతికొచ్చాక వచ్చినవాటిల్లో నా లెక్కన అదే మేలైనది. ఎవరూ ‘మమ్మల్ని మర్చిపోయారా’ అని దేబిరించరు. ఒక బ్యాండు, ఒక ఆల్బం రికార్డు చెయ్యాలి, చేతకావట్లేదు, అంతే కథ. పది ఎపిసోడ్ల తర్వాత ఆపేశారు. ఫ్లోరిడాలో 1991 నుంచి ఆడుతున్న మపెట్ త్రీడీ ప్రదర్శనని కూడా 2025 జూన్‌లో ఎత్తేశారు. హెన్సన్ చివరి పనుల్లో అదొకటి. ఇంకో రైడ్‌కి మపెట్స్ పేరు పెడతామని ఊరడించారు.

అభిమానులు వీటి మీద ఏడ్చినంత గట్టిగా రాయడం చేరని కంపెనీ అడగడం చేతకాక కాదు. అడిగేది ఎప్పుడూ వస్తువునే: ఆ హాలు ఉంచండి, ఆ పాట పెట్టండి, ఆ గొంతు తెండి. బాల్కనీలో కూర్చుని తిట్టే స్టాట్లర్, వాల్డార్ఫ్ ముసలాళ్ళు వీళ్ళకంటే నయం. ఎంత తిట్టినా వచ్చే వారం మళ్ళీ వస్తారు, కొత్త ఆటని కొత్తగా తిడతారు. నిరుటి ఆటే మళ్ళీ ఆడమని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

2025లో రెండు కబుర్లు వచ్చాయి. ‘మపెట్ షో’ 50 ఏళ్ళ సందర్భానికి, సబ్రినా కార్పెంటర్ అతిథిగా, పాత నాటకశాలలోనే ఒక ప్రత్యేక ఎపిసోడ్ అన్నారు. మిస్ పిగ్గీ ముఖ్యపాత్రగా సినిమా రాయిస్తున్నామని జెన్నిఫర్ లారెన్స్ చెప్పింది. రెండు వార్తలకీ అభిమానులు అతిథి ఎవరు, నిర్మాత ఎవరు, కథ ఏమిటి అని చర్చించారు. పిగ్గీ లోపల చెయ్యి ఎరిక్ జేకబ్‌సన్‌ది. ఇరవై ఏళ్ళకి పైగా అతనిదే. ఫ్రాంక్ ఆజ్ దగ్గర్నుంచి తీసుకున్న పాత్ర. ఆజ్ బతికే ఉన్నాడు, డిస్నీకి తను అక్కర్లేదని బాహాటంగానే చెప్పుకున్నాడు. ఆ సినిమా రాసే గదిలో జేకబ్‌సన్‌కి ఒక కుర్చీ వేశారా? ఆజ్‌కి కనీసం ఒక ఫోన్ చేశారా? నాకు తెలుసుకోవాలనున్నది అదొక్కటే. ఒక్క ఎపిసోడ్ బాగా ఆడితే మరో ఇరవై వారం వారం ఇస్తారా, లేక మళ్ళీ ఇంకో 50 ఏళ్ళ పండగ దాకా బొమ్మల్ని పెట్టెలో పెడతారా అన్నది ఆ తర్వాతి సంగతి.