చంటిబిడ్డకు తలంటు

సముద్రము దాటి వచ్చి యిక్కడ స్థిరపడిన మన తెలుగు సంఘమునకు చెందిన కుటుంబములలో శిశుజననము జరిగిన యింట, మూడవ వారము మొదలుకొని మూడవ నెల లోపల, తరచుగా నొక కలవరము పుట్టుచుండును. ముద్దులొలుకు బిడ్డ మాడుమీదను, కనుబొమలయందును, చెవుల వెనుకను పసుపుపచ్చని జిడ్డుతో గూడిన పక్కులు పేరుకొని, వేలితో తడవినచో గరుకుగా తగులుచు, ఏదియో చర్మవ్యాధి సంక్రమించినదను భ్రాంతిని చూచువారికి గలిగించును. తన శుభ్రతాలోపమే యిందులకు కారణమని తల్లి లోలోపల కుములును; అత్తగారు ఆ మాట పైకే యనును; పురుటికి సాయముగా గుంటూరునుండియో కరీంనగరమునుండియో వచ్చిన అమ్మమ్మ, పెట్టె యడుగున చీరల నడుమ చుట్టి తెచ్చిన యాముదపు సీసాను బయటికి తీయును. సంపాదకీయమునకు నీపాటి విషయము తగునా యని కొందరు తలంపవచ్చును గాని, సంఘపు టెన్నికలకంటె మన యిండ్లలో నెక్కువమందికి నిద్ర లేకుండ జేయుచున్నది యిదియే యని మా యభిప్రాయము.

క్రేడిల్ క్యాప్ అని యిక్కడి వైద్యులు వ్యవహరించు నీ పక్కులకు మురికి కారణము కాదు. ఇవి యంటువ్యాధియు కావు. ప్రసవమునకు పూర్వము తల్లినుండి బిడ్డకు చేరిన హార్మోనుల ప్రభావమువలన శిశువు చర్మములోని తైలగ్రంథులు కొన్ని నెలలపాటు అధికముగా పనిచేయుటయు, మనుష్యులందరి చర్మముమీదను సహజముగ నివసించు మలసీజియా యను సూక్ష్మమైన శిలీంధ్రము ఆ తైలమును తిని వృద్ధిపొందుటయు నిందులకు హేతువులని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. సాధారణముగ నిది దురదపెట్టదు. ఏడాది నిండునప్పటికి చాలమంది పిల్లలకు తనంతతానే పోవును. బిడ్డ హాయిగా పాలు త్రాగి నిద్రించుచుండగా, బాధపడువారు పెద్దలు మాత్రమే.

అయితే మన బిడ్డల విషయములో గుర్తింపవలసిన విశేష మొకటి గలదు. వైద్యగ్రంథములలోని ఛాయాచిత్రములు చాలవరకు తెల్లని మేనిచాయగల శిశువులవి యగుటచే, పక్కుల చుట్టును ఎఱ్ఱదనము కనబడునని వానిలో వ్రాసియుండును. చామనచాయ చర్మముమీద నా యెఱుపు స్పష్టముగ కానరాదు. దానికి మారుగా, పొలుసులు లేచిన చోట చర్మము చుట్టుపట్లకంటె పాలిపోయి తెల్లని మచ్చలుగా తోచును. దీనిని జూచి బొల్లి యని గుండెలు బాదుకొన్నవారిని మే మెఱుగుదుము. శోథ శమించిన పిమ్మట, కొన్ని వారములకో నెలలకో, రంగు మెల్లగ తిరిగివచ్చును.

ఇక చికిత్సకు వత్తము. మన పల్లెలయందలి తలంటును దగ్గరనుండి చూచినవారి కొక సంగతి స్పష్టపడును. ముదుసలి యొకతె పెరటిలో పీటమీద కూర్చుండి, చీర మోకాళ్ళపైకి దోపి, కాళ్ళు రెండును చాచి, వాని నడుమ నేర్పడిన పల్లములో బిడ్డను పండుకొనబెట్టి, ఆముదము కాస్త మాడున నద్ది, అరచేతితో నెమ్మదిగ మర్దించి, కొంతసేపు నాననిచ్చిన తరువాత, సున్నిపిండితో ఆ జిడ్డునంతయు నలిచి తీసి, ఎడమచేతిని నొసటిమీద నడ్డుపెట్టి, నీరు కన్నులలోనికి జారకుండ చెంబుతో పోయును. ఇందులో నూనెకు గల పాత్ర యెంతయో, పిండికిని నీటికిని గల పాత్రయు నంతయే. నూనె పక్కును నానబెట్టును. పిండి యా నూనెను, దానితో నూడివచ్చిన పొట్టును పీల్చుకొనిపోవును. ఒకదాని వెంట నొకటి నడచినంతకాలము ఆ పద్ధతి చక్కగనే సాగినది. సముద్రము దాటి వచ్చునప్పటికి నీ జంటలో నొకటి వెనుకబడిపోయినది.

ఏలయన, మొదటి యేడు శిశువునకు వారమునకు మూడుమారులు స్నానము చాలునని యిక్కడి బాలవైద్యులు చెప్పుదురు. ఆ మాట సరియైనదే. కాని అమ్మమ్మ నూనెమాత్రము ప్రతిదినమును రాయుచుండును. తలమీద నీరు పడునది రెండుమూడు దినముల కొకసారి. పైగా, పిల్లల నడినెత్తిమీద నెముక యింకను కూడుకొనని మెత్తని చోట చేయి వేయుటకు జంకి, కొత్తతల్లులు ఆ భాగమును తాకీతాకకుండ వదలుదురు. పక్కులు గట్టిగ పేరుకొనునదియు నక్కడనే. ఆ మెత్తని చోటును దృఢమైన పొర కాపాడుచుండును గనుక, మృదువుగ రుద్దుటవలన భయము లేదు. తలమీద నిలిచిపోయిన నూనె మందు కాదు. తన కొవ్వును తాను తయారుచేసికొనలేని శిలీంధ్రమునకు పెట్టిన యాహారము. మా మాట యింతియే: కడిగివేయుటకు ఓపిక లేనినాడు నూనె రాయవలదు.

ఏ నూనె మంచిదను ప్రశ్నకు తావు లేకపోలేదు. ఆముదము చిక్కన, సున్నిపిండి లేనిదే వదలదు. కొబ్బరినూనె యిరువదినాలుగు డిగ్రీల దాపున గడ్డకట్టును గనుక ఇచ్చటి చలికాలమంతయు సీసాలో రాయివలె నుండును. ఆలివునూనెను పలువురు శ్రేష్ఠమని కొనుచున్నారు గాని, 2013లో వెలువడిన షెఫీల్డు విశ్వవిద్యాలయ పరిశోధనలో పెద్దల చర్మముమీదనే యది రక్షణపొరను బలహీనపరచినట్లు తేలినది. వేరుశనగనూనెను ముట్టనే కూడదు. ఆ నూనె కలిసిన పూతలను పొక్కిన చర్మమునకు రాయుటకును, పిమ్మట ఆ పప్పు పడకపోవుటకును సంబంధము గలదని 2003లో బ్రిటిషు పరిశోధకులు ప్రకటించిరి. మినరలాయిలుతో చేసిన బేబీ ఆయిలును గాని పెట్రోలియం జెల్లీని గాని ఆ శిలీంధ్రము తినజాలదు. స్నానమునకు పావుగంట ముందుగ దానిని పలుచగ నద్ది, మెత్తని బ్రష్షుతో పక్కులను వదులుచేసి, పరిమళము లేని పిల్లల షాంపూతో నురుగు వచ్చునట్లు కడిగి, జిడ్డు మిగులకుండ నీరు పోయవలెను. రెండు మూడు వారములు వదలక చేసినచో గుణము కనబడును. గోటితో గిల్లుట పనికిరాదు. పక్కుతోపాటు వెండ్రుకయు నూడివచ్చి, చర్మము చిట్లి, చీము పట్టవచ్చును. పెద్దల చుండ్రు షాంపూలలో సాలిసిలిక్ ఆమ్లము గలవానిని వాడకూడదు. అది పసివారి పలుచని చర్మముగుండ రక్తములోనికి చేరును.

తలకు జిడ్డెక్కువై బాధ. ఒంటికి పొడితనమెక్కువై బాధ. శిశుచర్మపు పైపొర పెద్దలదానికంటె పలుచన యగుటచే నందలి తేమ త్వరగ నావిరియగును. హీటరు రేయింబవళ్ళు నడుచు గదిలోని పొడిగాలి యీ కష్టమును రెట్టింపుచేయును. కోస్తాజిల్లాల ఉక్కబోతలో వాడుకైన పొగలుగ్రక్కు నీళ్ళును, నలుగుపిండి ఒరపిడియు మంచుదేశములో నా బిడ్డ మేనిని గీరి యెండగట్టును. గోరువెచ్చని నీళ్ళలో నైదుపది నిమిషముల స్నానము, మెత్తని తువాలుతో రుద్దక యద్దుట, చర్మము చెమ్మగ నుండగనే పరిమళము లేని పూతను పూయుట, ఈ మూడును చాలును. సాంబ్రాణి మాటకు వచ్చినచో, ఆ పొగ పసివారి ఊపిరికి మంచిది కాదు. పైగా గోడకున్న పొగగంట మ్రోగి, ఫైరింజను గుమ్మములోనికి వచ్చిన తరువాత దాని మాహాత్మ్యమును వివరించుట కష్టము. ఆరోగ్యముగ నున్న చర్మమునకు దినదినమును ఖరీదైన క్రీములు పూసినంతమాత్రమున తామర రాకుండునని నమ్మవలదు. ఇంగ్లండులో 1,394 మంది శిశువులపై జరిగి 2020లో ప్రకటితమైన పరీక్షలో నట్టి ప్రయోజన మేమియు కానరాలేదు.

బుగ్గలమీదను కీళ్ళ మడతలలోను తీవ్రమైన దురద పుట్టి బిడ్డ నిద్రపోకున్నను, చర్మము తడిసి రసికారినను, జ్వరము వచ్చినను, ఏడాది దాటినను పక్కులు తగ్గకున్నను వైద్యుని జూడవలెను. అంతవరకు స్వదేశమునుండి తెచ్చుకొన్న గొట్టపు మందుల జోలికి పోరాదు. వానిలో పెక్కింట తీవ్రమైన స్టెరాయిడులు కలిసియుండును. 2018లో భారత ప్రభుత్వమే యట్టి పూతమందులలో కొన్నింటిని చీటీ లేక యమ్మరాదని కట్టడిచేసినది. వైద్యుడు స్వల్పమైన హైడ్రోకార్టిసోనునో, శిలీంధ్రమును హరించు షాంపూనో వ్రాసియిచ్చినచో, చెప్పినన్ని దినములే వాడవలెను.

వైద్యునికడకు పోయినప్పుడు అమ్మమ్మనుగూడ వెంటగొనిపొండు. బిడ్డకు మీరేమి రాయుచున్నారని వైద్యు డడిగినప్పుడు, నాటువైద్యమని నవ్వుదురేమో యను బిడియముచేత దంపతులు తలయడ్డముగ నూపుదురు. ఆముదము సంగతి తెలియక ఆయన మఱియొక మందు వ్రాయును. ఆ ప్రశ్నకు జవాబీయవలసినది ఆమె. దానిని అనువదించి చెప్పవలసినది మీరు.