నీళ్ళ బిందె

మంచేదో తెలియక మనిషి వెనక్కి తగ్గుతాడంటే నేను నమ్మను. తెలుసు. "నలుగురూ ఏమంటారో" అన్న దగ్గరే కాళ్ళాడవు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తాము తలపెట్టిన మొదటి వితంతు వివాహం జరిపించారు. వెంట నిలిచినవారిలో కొందరు, వెలివేస్తారనేసరికి ప్రాయశ్చిత్తాలు చేయించుకున్నారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి, బిందెతో నీళ్ళు తెచ్చి, అందరికీ వండిపెట్టారు.

పంతులుగారి ఉపన్యాసాల గురించి పుస్తకాలున్నాయి. ఆ బిందెకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే. కాని ఆవిడ "నావల్ల కాదండీ" అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి!

మన ఇళ్ళలోనూ అంతే. కట్నం వద్దని కొడుకు అన్నంత మాత్రాన సరిపోదు. ఉత్త చేతులతో వచ్చిన ఆ కోడల్ని చుట్టాలు దెప్పుతూంటే, "మా పిల్లను ఏమీ అనకండి" అనే అత్తగారు ఉండాలి. కొడుకు మాట ఒక్కపూట. అత్తగారి కాపలా ఏళ్ళ తరబడి.

కనుక ఇంట్లో ఎవరైనా మంచిపనికి పూనుకుంటే, బిందె ఎవరి చంకకు ఎక్కుతుందో ముందు చూడండి. ఆవిణ్ణి అడిగి మరీ మొదలుపెట్టండి.