కార్డుతో కేసు మూసేయొద్దు

దివ్యాంగుల ధ్రువీకరణను తెలంగాణ 2025లో సదరం అనే రాష్ట్ర వ్యవస్థ నుంచి, ఒక్కొక్కరికీ ప్రత్యేక గుర్తింపు నంబరు ఇచ్చే కేంద్రం యూడీఐడీ పోర్టల్‌కు మార్చింది. ఏ సాఫ్ట్‌వేర్ పోయి ఏది వస్తే మనకేంటని అనుకోవడం వికలాంగులున్న ఇంట్లో కుదరదు. పింఛను, బస్‌పాస్, కాలేజీ సీటు, ఉద్యోగంలో రిజర్వేషన్, మూడు చక్రాల బండి అన్నీ ఆ ఒక్క నంబరుతో ముడిపడ్డవే. మార్పు మంచిదే. కానీ పాతది ఎక్కడ ఆగిందో కొత్తదీ అక్కడే ఆగుతోంది. కార్డు చేతికిస్తే పని అయిపోయినట్టే లెక్క.

సదరాన్ని తీసిపారేయనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2009-10 ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ దాన్ని తెచ్చినప్పుడు ఉద్దేశం మంచిది. కీలు ఎంతవరకు వంగుతోంది, కండరంలో బలమెంత అన్నది డాక్టరు నమోదు చేస్తే, శాతాన్ని సాఫ్ట్‌వేరే కట్టేది. చేతిరాతకూ రబ్బరు స్టాంపుకూ ఉండే వెసులుబాటు దాంతో తగ్గింది. కానీ దాని పునాది 1995 నాటి చట్టం. ఆ చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆదిలాబాద్ గూడేల్లో కనిపించే సికిల్‌సెల్, తలసేమియా, ఆటిజం, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి గాయాలు ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. పైగా యూడీఐడీ దేశమంతా చెల్లుతుంది. పాలమూరు నుంచి ముంబైకి వలసపోయిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇక కార్డు సంగతి. వైకల్యం 40 శాతం లోపైతే తెలుపు, 40 నుంచి 80 మధ్య అయితే పసుపు, ఆపైన నీలం. రంగు చూస్తే శాతం తెలుస్తుంది, ఆ మనిషికి ఏం కావాలో తెలియదు. ప్రమాదంలో కాలు పోయిన మేస్త్రీకి 60 శాతం, బుద్ధిమాంద్యం ఉన్న పదేళ్ల పాపకు 60 శాతం వచ్చాయనుకోండి. ఇద్దరిదీ పసుపు కార్డే. అతనికి కృత్రిమ కాలు, కూర్చుని చేసే పని కావాలి. పాపకు ఇప్పుడు ప్రత్యేక టీచరు, రేపు తల్లిదండ్రులు లేని రోజున సంరక్షకులు కావాలి. కార్డు ప్రింటయ్యాక ఈ తేడా ఏ కంప్యూటర్లో కనిపిస్తుంది?

ఏరియా ఆసుపత్రిలో క్యాంపు రోజున ఒక పూట నిలబడి చూస్తే సంగతి బోధపడుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకును చంకనేసుకుని తల్లి రెండు బస్సులు మారి వస్తుంది. ఎముకల డాక్టరు కాళ్లు చూస్తాడు. తెలివితేటల పరీక్ష చేసే సైకాలజిస్టు ఆ రోజు ఉండడు, ఇంకో స్లాట్ పెట్టుకోవాలి. వినికిడికి బెరా పరీక్ష అంటారు, ఆ మిషను పెద్దాసుపత్రిలోనే ఉంటుంది. ఇంటికెళ్లి ఫోన్లో చూసుకుంటే ‘పెండింగ్’. ఎందుకు ఆగిందో చెప్పడం ఎవరి డ్యూటీ కూడా కాదు. మీ సేవలో అడిగితే ఆసుపత్రికి పొమ్మంటారు, ఆసుపత్రిలో అడిగితే పైనుంచి రావాలంటారు.

కార్డు వచ్చాక తిరుగుడు మళ్లీ మొదటికొస్తుంది. పుట్టుకలో లోపాలను వెతికే బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యశాఖది. ఫిజియోథెరపీ జరిగే భవిత కేంద్రం విద్యాశాఖది. వినికిడి యంత్రాలు, వీల్‌చైర్లు ఇచ్చే అడిప్ కేంద్రం పథకం. పింఛనుది ఇంకో దారి. ప్రతిచోటా అవే జిరాక్సులు, అవే ఫొటోలు. ఒక్కొక్కరి అవసరాన్ని చివరిదాకా చూసే ‘కేసు మేనేజ్‌మెంట్’ అని పేరు పెట్టుకున్న ఏ వ్యవస్థ అయినా మొదట ఆపాల్సింది ఈ తిరుగుడునే. ఫలానా పిల్లాడి ఫైలు బాధ్యత ఫలానా ఉద్యోగిది, అతని పేరూ ఫోన్ నంబరూ ఇవి అని ఆ తల్లికి తెలియాలి. థెరపీ ఆగిపోతే కంప్యూటరు మొదట ఆ ఉద్యోగినే అడగాలి.

గడువుల దగ్గర మనం వెనక్కి కూడా నడిచాం. 2017 నాటి నిబంధనల్లో ధ్రువపత్రానికి నెల రోజులు గడువు. 2024 అక్టోబరు సవరణతో అది మూడు నెలలైంది. రెండేళ్లు దాటినా ఆసుపత్రి తేల్చకపోతే దరఖాస్తు చెల్లకుండా పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. ఆలస్యం ఆఫీసుది, శిక్ష దరఖాస్తుదారుడికి!

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకో పాఠం. అక్కడ దివ్యాంగుల పింఛను రూ.6,000, మంచానికే పరిమితమైనవారికి రూ.15,000. అంత డబ్బు శాతం మీద ఆధారపడ్డప్పుడు దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవాల్సిందే, కాదనను. కానీ 2025లో పునఃపరిశీలన జరిపి పింఛనుకు కావాల్సిన 40 శాతం లేదంటూ నోటీసులిచ్చేసరికి ఊళ్లలో గగ్గోలు పుట్టింది. అప్పీలు చేసుకోవచ్చని ఆ తర్వాత ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. అప్పీలు హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లోనే ఉంది. శాతం ఎందుకు తగ్గిందో, ఎక్కడ అప్పీలు చేయాలో నోటీసులోనే తెలుగులో రాసిస్తే సగం ఆందోళన ఉండేది కాదు.

కొత్త వ్యవస్థను ఎలా తేవాలన్నదీ ముఖ్యమే. ఆస్ట్రేలియా తన వైకల్య బీమా పథకానికి ‘పేస్’ అనే కొత్త కంప్యూటర్ వ్యవస్థ తెచ్చినప్పుడు 2022 నవంబరులో చిన్న రాష్ట్రం టాస్మానియాలో మొదలుపెట్టింది. దేశమంతా అమలుకు 2023 అక్టోబరు 30 దాకా ఆగింది. మనకు ముందు ప్రారంభోత్సవం, తర్వాత పరీక్ష అలవాటు. కళ్లు కనిపించనివారు స్క్రీన్ రీడర్‌తో ఫారం నింపగలరా, వేళ్లు లేనివారికి వేలిముద్ర బదులు ఏది పెడతారు అన్నవి ఆరంభానికి ముందే తేలాల్సినవి. కళ్లు ఆర్పమని అడిగే ఈ-కేవైసీ యాసిడ్ దాడి బాధితులకు గోడలా అడ్డుపడుతోందన్న వ్యాజ్యంలో, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చిచెప్పింది కూడా.

ఒక్కో ఫైలు చూడటానికి సిబ్బంది ఎక్కడున్నారని అధికారులు అడుగుతారు. ఆంధ్రలో గ్రామ సచివాలయాల్లో వెల్ఫేర్ అసిస్టెంట్లు ఉన్నారు. తెలంగాణలో సెర్ప్‌కు ఊరూరా మహిళా సంఘాలతో పరిచయముంది. కొత్తవాళ్లను పెట్టకముందే వీళ్లకు ఫైళ్లు పంచి చూడొచ్చు. రెండు రాష్ట్రాల్లో చెరొక మండలం తీసుకుని ఆరు నెలలు నడపండి. కలెక్టరు సమీక్షలో ఎన్ని కార్డులు ప్రింటయ్యాయో చదవడం మానేసి, కార్డు వచ్చిన మూడు నెలలకు ఎంతమందికి అవసరమైన పరికరం, థెరపీ, బడి అందాయో చదవండి. అందనివాళ్ల ఫైలు ఎవరి దగ్గరుందో పేరుతో సహా చదవండి. అప్పుడు ఏది మార్చాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ చెప్పనక్కర్లేదు, ఆ జాబితానే చెబుతుంది.

– గ్రామీణుడు