ఆ పట్నంలో జనమేరి?

ఈమధ్య సెలవులకు స్టేషన్ ఘన్‌పూర్‌లోని మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. ఊరి పేరులోనే స్టేషన్ ఉంది కదా, ఇంట్లో కూర్చుంటే సికింద్రాబాదు - కాజీపేట మార్గంలో పోయే రైళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడికి మాత్రం ఆ చప్పుడేమీ పట్టలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళ పెదనాన్న కొడుకు ఒక కంప్యూటరు తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ దాని ముందు నుంచి కదలడం లేదు.

నేనూ వెళ్ళి వెనుక నిలబడి చూశాను. తెరమీద మంచు కురుస్తున్న మహానగరం. ఆకాశాన్నంటే భవనాలు. రోడ్ల మీద ఎక్కడివక్కడ వదిలేసిన కార్లు, గుట్టలుగా చెత్త సంచులు. మధ్యలో తుపాకీ పట్టుకుని ఒక్కడే నడుస్తున్న వీరుడు. ఎదురుపడేవాళ్ళలో ఎక్కువమంది అతని మీద కాల్పులు జరిపే దుండగులే. మామూలు మనుషులంటే ఎక్కడో ఒక సందులో ఒకరిద్దరు కనిపించి తిండో నీళ్ళో అడుగుతారు, అంతే.

కాసేపటికి మా వాడు ఆట ఆపి నావైపు తిరిగాడు. "మామా, గింత పెద్ద పట్నంల మనుషులేరి? అందరు సచ్చిపోయిండ్రా?"

చాలా మంచి ప్రశ్న. ఆ ఆట తయారుచేసినవారు అంత శ్రద్ధగా సమాధానం చెప్పని ప్రశ్న కూడా. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ ఆట పేరు "ది డివిజన్". యూబీసాఫ్ట్ అనే సంస్థ 2016లో విడుదల చేసింది. (ఇది పెద్దవాళ్ళ కోసం చేసిన ఆట, పిల్లలది కాదు. ఆ మాట ఇద్దరికీ చెప్పాను. విన్నట్టు తలలు ఊపారు.) అందులోని కథ ఇది. అమెరికాలో పండుగ కొనుగోళ్ళు ముమ్మరంగా సాగే రోజున ఎవరో కరెన్సీ నోట్లకు ఒక వైరస్ పూసి వదిలారు. మశూచి వైరస్‌ను మార్చి చేసిన కల్పిత వైరస్ అది. నోట్లు చేతులు మారిన కొద్దీ వ్యాధి పాకింది. కొద్ది వారాల్లోనే న్యూయార్క్ నగరంలోని మన్‌హట్టన్ ప్రాంతం పాడుబడిపోయింది.

కథ కథే కావచ్చు. లెక్క మాత్రం లెక్కే! మన్‌హట్టన్‌లో నివసించేవారు సుమారు 16 లక్షలు. పూర్వం నిజమైన మశూచి సోకినవారిలో నూటికి సుమారు 30 మంది చనిపోయేవారు. పట్నంలో ఒక్కరినీ వదలకుండా అందరికీ సోకిందనే అనుకుందాం. అప్పటికీ చనిపోయేది 4,80,000 మంది. మిగిలేది 11,20,000 మంది. ఆటలోని వైరస్ ఇంకా ఘోరమైనదే, నూటికి 90 మందిని చంపుతుందనుకుందాం. అప్పుడు కూడా 1,60,000 మంది బతికే ఉంటారు. ఒక పెద్ద పట్టణమంత జనం! వాళ్ళు రోజూ నీళ్ళు తాగాలి, వండుకోవాలి, పసిపిల్లలకు పాలు వెతకాలి. నీళ్ళ దగ్గర చాంతాడంత వరుసలుండాలి. కిటికీల్లోంచి ముఖాలు కనిపించాలి. ఆటలో ఇవి కనిపించేది ఏ కొద్ది చోట్లో.

ఎందుకంటారా? ఒక కారణం సాంకేతికమైనది. వేలమంది మనుషులు తలోవైపు నడుస్తూ, ఒకరికొకరు తగలకుండా తప్పుకుంటూ కనిపించాలంటే కంప్యూటరు ప్రతి క్షణం ఎంతో లెక్క చేయాలి. రెండో కారణం నా ఊహ. వీధి నిండా తల్లులూ పిల్లలూ ఉంటే వీరుడు తుపాకీ ఎత్తడానికి వెనకాడతాడు. ఆడేవాడి వేలు కూడా ఆగుతుంది. జనాన్ని తీసేస్తే ఆ ఇబ్బంది ఉండదు. అంటే ఆ పట్నం ఖాళీ అయింది మహమ్మారి వల్ల కాదు, ఆట సౌకర్యం కోసం.

ఆటలన్నీ ఇలాగే ఉంటాయని కాదు. 2005 సెప్టెంబరులో "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అనే ఆటలో ఒక విచిత్రం జరిగింది. ఒకే ఒక చోటికి పరిమితం కావలసిన మాయరోగం, ఆటగాళ్ళ పెంపుడు జంతువులతో పాటు బయటికి వచ్చి నగరాలకు పాకింది. భయపడి కొందరు నగరాలు విడిచి పారిపోయారు, వెళ్ళిన చోటికల్లా రోగాన్ని మోసుకుపోయారు. అంగళ్ళలో సరుకులమ్మే బొమ్మ మనుషులకు కూడా రోగం తగిలింది గాని, వాళ్ళు చావలేదు. పైకి ఏ లక్షణమూ లేకుండా వచ్చిన ప్రతివారికీ అంటించారు! నినా ఫెఫర్‌మన్, ఎరిక్ లాఫ్‌గ్రెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని పరిశీలించి 2007లో ఒక వైద్య పత్రికలో వ్యాసమే రాశారు. వాళ్ళను ఆకర్షించింది ఆటలోని మాయలు కాదు. భయం పుట్టినప్పుడు జనం ఎటు కదులుతారన్న సంగతి.

అవును, జనం కదులుతారు. పట్నం ఖాళీ అయిందంటే ఊళ్ళు నిండాయని అర్థం.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. అప్పుడు ఆ నగర జనాభా ఎనిమిది లక్షల పైచిలుకు. 1897 తొలి నెలలకల్లా దాదాపు సగం మంది నగరం విడిచి వెళ్ళిపోయారు. బొంబాయిలో మన తెలుగువాళ్ళు కూడా తక్కువేమీ కాదు. నిజాం రాజ్యం నుంచి వెళ్ళి రాళ్ళు మోసి, మేడలు కట్టిన కూలీలను అక్కడ కామాఠీలనేవారు. కామాఠిపుర అన్న పేట పేరు వాళ్ళ వల్ల వచ్చిందే. ప్లేగు నాటి బొంబాయి వీధుల బొమ్మను ఎవరైనా ఆటగా తీస్తే అదీ నిర్మానుష్యంగానే ఉంటుంది. కాని జనం మాయం కాలేదు. రైలెక్కారు, బండెక్కారు, నడిచారు.

జనాభా లెక్కలు చూడండి. 1891లో బొంబాయి జనాభా 8,21,764. 1901లో 7,76,006. పదేళ్ళలో పెరగవలసింది పోయి తగ్గింది. 1906లో నగర ఆరోగ్యశాఖవారు ప్రత్యేకంగా మళ్ళీ లెక్కించారు. ఈసారి 9,77,822! ఐదేళ్ళలో రెండు లక్షలకు పైగా పెరిగారు. అంతమంది ఐదేళ్ళలో పుట్టుకురాలేరు గదా. కొందరు కొత్తగా పనికోసం వచ్చినవారు. మిగిలినవాళ్ళు? 1901లో లెక్కించేవారు వచ్చిన రోజున ఊళ్ళో లేనివారు. చచ్చినవారు తిరిగి రారు. వెళ్ళినవారు తిరిగి వస్తారు. 1901 అంకె ఒక్కటే చూసినవాడికి ఈ రెండు రకాల మనుషులూ ఒకేలా కనిపిస్తారు.

ఇక్కడ శాస్త్రజ్ఞుల పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. పొరపాటు అనడం కంటే, వాళ్ళ సౌకర్యం అనడం న్యాయం. కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు 1927లో అంటువ్యాధుల నడకకు ఒక గణిత సూత్రం ఇచ్చారు. మెకెండ్రిక్ మన దేశంలో వైద్యశాఖలో పనిచేసి వెళ్ళినవాడే. కెర్మాక్ ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో చూపు పోయినా పరిశోధన మానని మనిషి. వాళ్ళు తమ సూత్రాన్ని పోల్చి చూసుకున్నది 1905 డిసెంబరు నుంచి 1906 జులై వరకు బొంబాయిలో వారం వారం నమోదైన ప్లేగు మరణాలతోనే. ఈనాటికీ ప్రపంచమంతా వాడుతున్న పద్ధతికి అది పునాది.

అందులో జనాన్ని మూడు భాగాలు చేస్తారు. వ్యాధి సోకే అవకాశమున్నవారు, సోకినవారు, తొలగినవారు. ఈ మూడో పేరు గమనించండి. జబ్బు నయమై ఇంటికి వెళ్ళిన మనిషీ తొలగినవాడే, కాటికి వెళ్ళిన మనిషీ తొలగినవాడే! వ్యాధిని ఇకమీద ఇతరులకు అంటించలేరు గనుక సూత్రానికి ఇద్దరూ ఒకటే. పైగా ఆ సూత్రంలో పట్నం మూత బిగించిన డబ్బా లాంటిది. ఎవరూ బయటికి పోరు, ఎవరూ లోపలికి రారు. వ్యాధి ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని తెలుసుకోవడానికి ఈ సూత్రం ఎంతో ఉపయోగం, కాదనను. కాని "మనుషులేరి?" అని అడిగితే జవాబు చెప్పలేదు. ఆ జవాబు కోసం ఇల్లిల్లూ తిరగవలసిందే.

మన హైదరాబాదు సంగతీ అంతే. 1911 లెక్కల్లో నగర జనాభా సుమారు 5 లక్షలు. 1921లో సుమారు 4 లక్షలు. దాదాపు లక్షమంది ఏమయ్యారు? మధ్యలో 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దేశం మొత్తం మీద కోటికి పైగా ప్రాణాలు తీసింది. ప్లేగు కూడా ఆ రోజుల్లో నగరాన్ని వదలలేదు. ప్లేగు వస్తే ఊరు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకోవడం దక్కనులో అలవాటు. అది మూఢనమ్మకమేమీ కాదు. ప్లేగును మోసేది ఎలుకల మీది గోమార్లు గనుక, ఎలుకలున్న ఇల్లు వదిలితే ప్రాణం దక్కేది. అలా ఆ లక్షలో కొందరు చనిపోయారు, కొందరు తరలిపోయారు. ఎవరెంతమంది? చావులన్నీ సరిగా రాసిపెట్టి ఉంటే తీసివేతతో తేలిపోయేది. ఆ రోజుల్లో చావుల నమోదు అంత నమ్మదగ్గది కాదు.

ఇవన్నీ తాతముత్తాతల నాటి కబుర్లు అనుకుంటున్నారేమో. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. హైదరాబాదు రోడ్ల ఫొటోలు ఆకాశం నుంచి తీసి పత్రికలు వేశాయి. అచ్చం ఆ ఆటలో లాగే, మనిషి జాడ లేని వంతెనలు. చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నవాళ్ళున్నారు. అదే సమయంలో ఆ వంతెనలు కట్టిన కూలీలు పనిలేక, అద్దె కట్టలేక, మూటలు నెత్తిన పెట్టుకుని స్వగ్రామాలకు నడుస్తున్నారు. వలస కార్మికుల కోసం దేశంలో మొట్టమొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది మన లింగంపల్లి నుంచే. 2020 మే 1న, 24 పెట్టెలతో, సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళింది.

మన జిల్లాల నుంచి సూరత్, భివండీ, షోలాపూర్ మగ్గాల మీదికి వెళ్ళినవాళ్ళు ఎందరున్నారో మీకు తెలుసు. వాళ్ళలోనూ ఎందరో ఊళ్ళకు తిరిగొచ్చారు. వచ్చేసరికి చాలా ఊళ్ళ పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం పెట్టి ఉన్నాయి! భయం అర్థం చేసుకోదగ్గదే. కాని నగరం ఫొటోలో లేనివాడు, ఊళ్ళోకి రాలేనివాడు, ఏ లెక్కలో ఉన్నట్టు?

ఆ ఏడాది సెప్టెంబరులో పార్లమెంటులో ఒక సభ్యుడు అడిగాడు, ఇళ్ళకు వెళ్ళే దారిలో ఎందరు వలస కార్మికులు చనిపోయారని. అలాంటి వివరాలు తమ వద్ద లేవని కార్మిక శాఖ జవాబిచ్చింది. "లేవు" అన్నది వివరాల గురించి. చావుల గురించి కాదు. విజ్ఞానశాస్త్రం చదివేవాళ్ళు ఈ తేడా బాగా గుర్తుంచుకోవాలి. సున్నా వేరు, తెలియకపోవడం వేరు. ఉష్ణమాపకం సున్నా చూపించడానికీ, అసలు గదిలో ఉష్ణమాపకమే లేకపోవడానికీ ఉన్నంత తేడా.

తెలియనిదాన్ని అంచనా కట్టే మార్గం లేకపోలేదు. ఒక ఊళ్ళో మామూలు సంవత్సరాల్లో సగటున ఎందరు చనిపోతారో తెలుసుకుని, మహమ్మారి ఏడాది ఎందరు చనిపోయారో పక్కన వేసి తీసివేయాలి. మిగిలినవి అదనపు మరణాలు. ఏ జబ్బుతో పోయారో ఎవరూ రాయకపోయినా ఖాళీ పడిన చోటు కనిపిస్తుంది. ఈ పద్ధతిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021 సంవత్సరాల్లో భారతదేశంలో సుమారు 47 లక్షల అదనపు మరణాలు జరిగాయని 2022లో అంచనా వేసింది. 2021 చివరికి ప్రభుత్వ లెక్కలో కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. లెక్కగట్టిన పద్ధతి తప్పని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఎవరి లెక్క ఎంత సరి అని వాదించడానికి కూడా కింద గట్టి నమోదు ఉండాలి. 1881 నుంచి పదేళ్ళకోసారి తప్పకుండా జరుగుతూ వచ్చిన జనాభా లెక్కలేమో 2021లో ఆగిపోయాయి. వాటిని 2027 మార్చి 1 తేదీ ప్రాతిపదికగా జరపాలని 2025లో నిర్ణయించారు.

ఆటలు తయారుచేసేవారికి నేను చెప్పేది ఒకటే. మహమ్మారి కథ తీసుకోండి, తప్పులేదు. కాని జనాన్ని తీసేస్తే ఇంక అది మహమ్మారి కథ కాదు. ఖాళీ వీధిని చూసి చూసి అలవాటైన పిల్లవాడికి, రేపు నిజంగా వీధి ఖాళీ అయినప్పుడు "వీళ్ళంతా ఎటు పోయారు?" అని అడగాలని తోచదేమోనని నా బెంగ. మా వాడికి తోచింది, సంతోషం.

ఇదంతా విన్నాక వాడు ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని, నోటుబుక్కు పట్టుకుని తమ వీధిలో బయలుదేరాడు. 2020లో ఏ ఇంట్లో ఎందరున్నారు, బయటినుంచి ఎవరు తిరిగొచ్చారు, ఎవరు మళ్ళీ వెళ్ళారు, ఎవరు లేరు. నాలుగు గళ్ళు గీసుకున్నాడు. ఒక ముసలమ్మ "నువ్వేమన్న సర్కారోనివా బిడ్డా?" అని నవ్వి, మంచినీళ్ళిచ్చి, గంటసేపు చెప్పిందట. మధ్యాహ్నానికి 31 ఇళ్ళు పూర్తయ్యాయి.

వీధి చివర ఒక ఇంటికి తాళం ఉంది. తుప్పు పట్టిన తాళం. పక్కింటివాళ్ళను అడిగితే, భివండీ వెళ్ళిన కుటుంబమని, తిరిగి రాలేదని, ఫోను నంబరు కూడా పనిచేయడం లేదని చెప్పారు. నేను నోటుబుక్కు తీసి చూశాను. ఆ ఇంటి ఎదురుగా నాలుగు గళ్ళలోనూ మొదట సున్నాలు వేసి, కొట్టేసి, "తెలియదు" అని రాసి ఉంది.